పదిహేను మూరల ఇరవై ఆరు వేళ్ళు

శవం తేలింది గాని సంగతి తేలలేదు.

నైలు వరద కొలిచే కొలబావి కాపరి షేక్ సలామాను నీళ్ళలోంచి తీసి ఈతాకుల చాప మీద పడుకోబెట్టి గుడ్డ కప్పారు. పక్కనే కొత్వాలు తోగాన్ నిలబడి, ముసలాయన కాలు జారి పడ్డాడని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. ఒకే మాట నాలుగోసారి చెప్పేవాడికి ఆ మాట మీద నమ్మకం లేదని మా బజారు సూత్రం. నేను చాప దగ్గర కూర్చుని గుడ్డ తొలగించాను. తల వైపు కాదు, కాళ్ళ వైపు.

కాళ్ళకు చెప్పులున్నాయి.

నా పేరు ఖలఫ్. ఫుస్తాత్ నగరంలో బజార్ల అధికారి ముహ్తసిబ్ కచేరీలో తూనికలూ కొలతలూ తనిఖీ చేస్తాను. నా గొంతు రెండు వీధుల ముందుగానే బజారుకు చేరుతుందనీ, ఈలోగా దుకాణాలవాళ్ళు దొంగరాళ్ళు దాచేస్తారనీ మా పెద్దాయనకు నా మీద పాత ఫిర్యాదు. చావులు నా శాఖ కాదు. కానీ సలామా కూతురు తర్ఫా కబురు పంపింది. ఆమె నమ్మే మనుషుల్లో కత్తి లేకుండా కాగితం పట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణేనట.

నేను కొలబావి ఉన్న ద్వీపంలో పడవ దిగేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. మూడో జాము అసర్ నమాజు కాగానే కాలువ కట్ట తెగ్గొట్టి నీళ్ళు వదలాలని దివాణం నిర్ణయించింది. అంటే నాకున్నది ఒక్క జాము.

ఆ జాములో ఏం పోతుందో నాకు బాగా తెలుసు. ఈ బావి నడుమ ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద మూరలకూ వేళ్ళకూ గీతలున్నాయి. నైలు నీళ్ళు తూముల గుండా బావిలోకి వస్తాయి. వరద పదహారో మూర గీతను తాకితే పొలాలన్నీ తడిసినట్టే లెక్క. కట్ట కొడతారు, దేశమంతటా పూర్తి శిస్తు విధిస్తారు. తాకకపోతే తగ్గింపు ఇస్తారు. ఇక్కడ ఒక్క వేలు తేడా వస్తే అక్కడ వేలకు వేలు తేడా. మా ఊరు హర్మలా మెట్ట. పదహారు నిజంగా నిండితేనే మా అన్న సాబిత్ పొలం తడుస్తుంది. నీళ్ళు నిండకుండా పదహారని చాటిన ఏడు, పండని పంటకు శిస్తు తెమ్మని మా నాన్నను మూడు రోజులు ఎండలో నిలబెట్టారు. నాలుగో రోజు ఆయనే కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి పన్ను అన్న మాట వింటే నాకు పంటి కింద రాయి తగిలినట్టుంటుంది.

ఈ పొద్దు చాటింపువాడు పద్దెనిమిది వేళ్ళు పెరిగిందని అరిచాడు. రోజూ ఒకటీ రెండూ పెరిగే నది రాత్రికి రాత్రి పద్దెనిమిది పెరిగిందంటే ఊరు ఊరంతా పడవలెక్కి బావి చుట్టూ చేరింది. కిటికీలోంచి పసుపు తెర దించితే పదహారు నిండిందని గుర్తు. ఆ తెర కోసం జనం మెడలు సాచి చూస్తున్నారు.

తోగాన్‌ను అడిగితే కథంతా ఒక్క గుక్కలో చెప్పాడు. షేక్ తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని బావిలో దిగాడు, కొలత చూశాడు, చీటీ రాసి దివాణం పడవకు పంపాడు, మరోసారి చూద్దామని దిగి పాచి మీద జారాడు. చీటీ చేతికిచ్చాడా అని పడవవాణ్ణి పిలిచి అడిగాను. ఎప్పటిలాగే కిటికీలోంచి బుట్టలో దించారనీ, షేక్ మొహం తాను చూడలేదనీ, ఎప్పుడూ పలకరించే మనిషి ఈరోజు పలకరించలేదనీ చెప్పాడు.

"షేక్ చెప్పులతో దిగాడంటారా?" అన్నాను తోగాన్‌తో.

"దిగితే ఏం? అందుకే జారాడు."

"నలభై ఏళ్ళు ఈ మెట్లు దిగినవాడు ఇవాళే చెప్పులు విడవడం మరిచాడా?"

"ఖలఫ్, నువ్వు రాళ్ళు చూసుకో. ఇందులో వేలు పెట్టకు."

"వేలు పెట్టకపోతే ఈ బావిలో కొలిచేదెట్లా కొత్వాలు గారూ?"

అతను నవ్వలేదు. తోగాన్ అంటే తోసుకుంటూ వచ్చేవాడని మా బజారు అర్థం. భుజంతో నన్ను తోసుకుంటూ గుమ్మం వైపు వెళ్ళాడు. గుమ్మం తాళంచెవి అతని నడుముకే వేలాడుతోంది.

తర్ఫా స్తంభాల నీడన కూర్చుని ఉంది. ముప్పై దాటిన మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఆరిపోయాయి. ఒడిలో గిన్నె, గిన్నెలో ఉడికించిన చిక్కుళ్ళు. బారెడు పొద్దెక్కాక నాన్నకు తిండి తెచ్చిందట. గుమ్మం బయట కాపలావాళ్ళు ఆమెను చాలాసేపు నిలబెట్టి, తరవాత లోపలికి వదిలారట. వచ్చి చూస్తే నీళ్ళ మీద తండ్రి తలపాగా కనిపించింది.

మెల్లగా ఒక్కొక్కటే అడిగాను. చెప్పులు ఆయన ఎప్పుడూ పై మెట్టు మీదే విడిచేవాడని ఆమె చెప్పింది. నీళ్ళలోకి చెప్పులతో దిగితే నదిని తొక్కినట్టని ఆయన పట్టింపు. పొద్దున ఎవరైనా వస్తామన్నారా అని అడిగితే తెలియదంది. వారం రోజులుగా మాత్రం ఆయన సరిగా తినడం లేదట. అడిగితే, నది మీద మనుషులకు ఓపిక తగ్గిపోయిందమ్మా అనేవాడట.

చీటీలు ఎప్పుడూ రెండు రాస్తారు. ఒకటి వజీరు గారికి, రెండోది ఇక్కడే పెట్టెలో. మొత్తం ఎన్ని మూరలో ఆ రెండు చీటీలకు తప్ప మూడో ప్రాణికి తెలియకూడదు. తెలిస్తే ధాన్యం దాచేవాళ్ళు దాస్తారు, అమ్మేవాళ్ళు ధర పెంచుతారు. అందుకే చాటింపులో పెరిగిన వేళ్ళే చెబుతారు. పదహారు నిండకముందే మొత్తం కొలత బయటపెట్టినవాడికి తల పోతుంది. పెట్టె మీద ముద్ర పగలగొట్టే అధికారం మా కచేరీకి ఉంది. పగలగొట్టాను. చదివాను. మళ్ళీ చదివాను.

పదిహేను మూరల ఇరవై ఆరు వేళ్ళు.

"ఇది మీ నాన్న రాతేనా తల్లీ?"

తర్ఫా కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. రాత ఆయనదేనంది. ఆ తర్వాత ఆమె వేలు అంకె దగ్గర ఆగింది.

"చిన్నప్పుడు నాన్న నా చేత పాటలా చెప్పించేవాడు. పన్నెండో మూర దాకా మూరకు ఇరవై ఎనిమిది. పన్నెండు దాటితే ఇరవై నాలుగే. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పదిహేనో మూర పైన ఇరవై ఆరో వేలు లేదు ఖలఫ్ గారూ. ఆ గీతే లేదు."

లోకానికి తెలిసింది మూరకు ఇరవై ఎనిమిది వేళ్ళని. వజీరుకు తెలిసిందీ అంతే. పన్నెండు పైన మూర కురచవుతుందన్న సంగతి ఈ బావి కాపరులకూ, నాలాంటి కొలతల పిచ్చివాళ్ళకూ తప్ప ఎవరికీ పట్టదు. నలభై ఏళ్ళు గీతలు లెక్కపెట్టినవాడు లేని గీత రాశాడు. పొరపాటున రాయడు. మెడ మీద కత్తి పెట్టి ఎవడో, పదహారుకు రెండు వేళ్ళు తక్కువని రాయమన్నాడు. ఇరవై రెండు అని రాయాల్సిన చోట ఆయన ఇరవై ఆరు అని రాశాడు. పక్కనున్నవాడు మనసులో రెండు కలుపుకుని ఇరవై ఎనిమిది అనుకుని తల ఊపాడు. చదవగలిగినవాళ్ళు చదువుకుంటారని ముసలాయన నమ్మాడు.

చీటీ తర్ఫా చేతిలోనే వదిలి మెట్లు దిగాను.

మెట్లు తడిగా ఉన్నాయి గాని పాచి లేదు. కడిగినట్టున్నాయి. కింద మెట్టు మీద కూర్చుని స్తంభం చూశాను. నీళ్ళు పదహారో గీతకు సరిగ్గా రెండు వేళ్ళ కింద ఉన్నాయి. అంటే కొలత ఇరవై రెండు. నీళ్ళు నిజంగానే అక్కడ ఉంటే ఇక నా వాదన ఏముంది? సరే, ఉన్నదేదో లెక్కపెడదామని పదిహేను దగ్గరనుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నీటి అడుగున ఉన్న గీతలన్నీ వరసగా లెక్కపెట్టి ఇరవై రెండు దగ్గర ఆగాను.

ఆగి, నా నుదురు నేనే కొట్టుకున్నాను.

ఈ నెలలో నైలు ఎర్రమట్టి. దోసిట్లో పడితే దోసిలి అడుగు కనిపించదు. ఇంట్లో తాగాలంటే కడవ లోపల బాదంపప్పు రుద్ది, పూటంతా ఆగి, తేరుకున్నాక వంచుకోవాలి. అలాంటి నీళ్ళలో మునిగిన గీతలు నేనెలా లెక్కపెట్టాను? బావి నీళ్ళు తేరుకుని ఉన్నాయి. బావి తేరుకుంది, నేను తేరుకోవడమే ఆలస్యమైంది. ఇవి నది నీళ్ళు కావు. పైగా నీళ్ళు తిరగడం లేదు, సుడి లేదు. చెయ్యి ముంచి తూము వైపు పెట్టి చూశాను. ఒరవడి తగల్లేదు.

పైకి వచ్చి బావి వెనక ఖలీఫా తోటలోకి వెళ్ళాను. తోట తొట్టి నిండా నీళ్ళుండాలి. గోడ మీద రెండు మూరల ఎత్తున పచ్చగా, తడిగా ఒక పట్టీ కనిపించింది, నీళ్ళు దానికి అడుగున ఉన్నాయి. తొట్టి నుంచి బావికి కడుగుడు కాలువ ఉంది. చలికాలంలో బావి పూడిక తీశాక శుభ్రం చేయడానికి వాడతారు. కాలువ అడుగున మట్టి ఇంకా మెత్తగా ఉంది. తూములకు తలుపు రాళ్ళున్నాయి, అవీ ఆ పూడిక పనికే. తలుపులు దించి, తొట్టి నీళ్ళు వదిలి, వరదను గదిలో పెంచారన్నమాట. గుమ్మం తెరిచినవాడు సాయం చేయనిదే ఇది జరగదు.

తోటలోనే ఒక పందిరి కింద శిస్తు గుత్తేదారు హమ్దూన్ కూర్చుని ఉన్నాడు. ఎగువ మెట్ట ఊళ్ళ శిస్తు వసూలు చేసే హక్కును నలభై రోజుల కిందట వేలంపాటలో పాడుకున్నవాడు. పదహారు నిండితే ఊళ్ళన్నిటి మీదా పూర్తి శిస్తు అతని సంచిలో పడుతుంది. నిండకపోతే దివాణానికి తన సంచిలోంచి పోయాలి. అతని చుట్టూ హల్వా పళ్ళేలు, నలుగురు డోలువాళ్ళు. సంబరం ముందే వచ్చి కూర్చుంది.

హల్వా తినమన్నాడు. పన్ను నొప్పి అన్నాను. పొద్దున ఎక్కడున్నావంటే ఫజర్ దాకా ఇంట్లో, తర్వాత దారిలో అన్నాడు. దారి ఎంతసేపు పట్టిందో అడిగితే హల్వా పళ్ళెం నా వైపు మరికాస్త జరిపాడు. ఇంకా చాలా వేళ్ళు తక్కువున్నాయట, ఈ పూట నిండే యోగం లేదని ఊళ్ళో అనుకుంటున్నారని గాలి కబురొకటి వదిలాను.

హమ్దూన్ నవ్వాడు. "ఎవడన్నాడయ్యా? ఇరవై ఆరు ఎక్కింది. ఇంకో రెండెక్కితే మూర నిండదా? సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే నిండుతుంది చూడు."

"ఇరవై ఆరని ఎవరు చెప్పారు?"

"పొద్దున చాటింపులో విన్నా."

"చాటింపులో పద్దెనిమిది అన్నారు. పెరిగింది మాత్రమే. మొత్తం ఎంతో చాటింపువాడికే తెలియదు. తెలిసింది వజీరుకూ, ఈ పెట్టెకూ. పెట్టె ముద్ర నేనిప్పుడే పగలగొట్టాను."

అతను నీళ్ళు నమిలాడు. నోట్లో హల్వా ఉండగా నీళ్ళు నమలడం కష్టమే. అప్పుడు బెదిరింపు మొదలైంది. తన వెనక ఎవరున్నారో తెలుసా అన్నాడు, తన గుత్తకు జామీను ఉన్న మనిషి పేరు వింటే నా నాలుక ఇలా ఆడదన్నాడు. పేరు చెప్పలేదు గాని కళ్ళు నా భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళాయి. అక్కడ తోగాన్ నిలబడి ఉన్నాడు. గుత్తేదారు మునిగితే జామీనుదారూ మునుగుతాడు. ఆ ముసలాయన్ని ఎందుకు ముంచారో నాకిక ఎవరూ చెప్పక్కర్లేదు.

అసర్ పిలుపు వినిపిస్తుండగా ఖాజీ గారి కింది న్యాయాధికారి నాయబ్ ఖాజీ, నలుగురు సాక్షులూ పడవ దిగారు. గీత కళ్ళతో చూసి, కాగితం రాసి, తెర దించమని చెప్పడం వాళ్ళ పని. తోగాన్ వాళ్ళను మర్యాదగా మెట్ల దగ్గరికి తీసుకొచ్చాడు. నీళ్ళు ఇప్పుడు సరిగ్గా పదహారో గీత మీద ఉన్నాయి. నేను తోటలోంచి వచ్చేలోగా ఎవరో తొట్టి మరికాస్త వదిలారు.

నాయబ్ కలం తీశాడు. నేను అడ్డుపడి, తూము తలుపులు ఎత్తించి మళ్ళీ కొలవాలన్నాను. తోగాన్ చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. వరద రోజుల్లో బావి తలుపు ముట్టుకోవాలంటే వజీరు ఆజ్ఞ కావాలన్నాడు. నాయబ్ ముసలివాడు, నిదానస్థుడు. నాకేం అధికారమని అడిగాడు.

"బజారులో ఏ కొలత మీద అనుమానమొచ్చినా ఆ క్షణమే సరిచూసే అధికారం అయ్యా."

"కొలబావి బజారులో ఉందా?"

"హర్మలాలో గోధుమ గింజ నుంచి ఇక్కడి కొత్వాలు గారి జామీను దాకా ఈ రాయి మీదే కొంటున్నారు, అమ్ముతున్నారు. ఇంతకంటే పెద్ద బజారు నాకు తెలియదు."

జామీను అన్న మాట దగ్గర నాయబ్ కనుబొమలు కదిలాయి. తోగాన్ వైపు చూశాడు, హమ్దూన్ వైపు చూశాడు. కలం పక్కన పెట్టి, ఎత్తండి అన్నాడు.

తలుపులెత్తే గొలుసు బరువు. నాతోబాటు పట్టేందుకు కాపలావాళ్ళెవరూ రాలేదు. హమ్దూన్ తెచ్చిన డోలువాళ్ళను పిలిచాను. వాళ్ళదీ మెట్ట ఊరేనట, ఎందుకని అడక్కుండా వచ్చారు. ఐదుగురం లాగితే మొదటి తలుపు కరకరమంటూ లేచింది. రాతి అడుగున ఎర్రని నీరు నాలుకలా కనిపించింది, తేట నీళ్ళు సుడి తిరిగి బయటికి పరుగెత్తాయి. రెండో తలుపు. మూడోది. బావి గుడగుడలాడింది. స్తంభం మీద పదహారో గీత పొడిబారింది. గీతలు ఒకటొకటే పైకి రావడం మొదలుపెట్టాయి.

తర్ఫా మెట్టు అంచున నిలబడి లెక్కపెట్టింది. ఇరవై. పద్దెనిమిది. పదిహేను. పన్నెండు. పది. తొమ్మిది. నీళ్ళు ఊగాయి, గీతను ముద్దాడాయి, ఆగాయి.

పదిహేను మూరల తొమ్మిది వేళ్ళు.

దొంగ ఇరవై ఆరులోంచి చాటిన పద్దెనిమిది తీస్తే నిన్నటిది ఎనిమిది, అంటే ఇవాళ్టికి నిజంగా పెరిగింది ఒక్క వేలు. మా అన్న పొలం ఎండే ఉంది, శిస్తు తగ్గించి తీరాలి. నాయబ్ కాగితం రాశాడు, నలుగురూ సంతకాలు చేశారు. హమ్దూన్ కూలబడి, తాను ముసలాయన్ని ముట్టుకోలేదనీ, రాయించడం వరకే తన పననీ గొణిగాడు. అడగకుండానే చెప్పాడు.

తోగాన్ మాత్రం కంగారు పడలేదు. అదే నన్ను కంగారు పెట్టింది. అతను కాపలావాళ్ళకు తల ఊపాడు. గుమ్మం మూసుకుంది, తాళం పడింది. నాయబ్ చేతిలోంచి కాగితాన్ని మర్యాదగా, రెండు వేళ్ళతో తీసుకున్నాడు.

"పెద్దలు అలిసిపోయారు. రేపు పడవ దొరికేదాకా ఇక్కడే విశ్రాంతి తీసుకుంటారు. తెర దించండి."

ఒక సైనికుడు పసుపు తెర పట్టుకుని కిటికీ వైపు నడిచాడు. తెర బయట పడితే చాలు, అవతలి ఒడ్డున గడ్డపారలు లేస్తాయి. కట్ట తెగితే మరి కట్టలేరు. విధించిన శిస్తునూ వెనక్కి తీసుకోరు, అలా తీసుకున్న దివాణం ఇంతవరకు పుట్టలేదు. కాగితం అతని చేతిలో ఉంది. సాక్షులు గోడల మధ్య ఉన్నారు. రేపటికి వాళ్ళ కాళ్ళకూ చెప్పులుంటాయేమో.

నా దగ్గర కత్తి లేదు. నా దగ్గరున్నది నోరొక్కటే.

పరుగెత్తాను. ఏభై ఏళ్ళ పొట్టతో అది పరుగనడానికి వీల్లేదు గాని, సైనికుడి కంటే ఒక్క అడుగు ముందే కిటికీ అందుకున్నాను. కింద నది నిండా పడవలు, పడవల నిండా తలలు, అన్నీ పైకెత్తి ఉన్నాయి. మొత్తం కొలత ముందుగా చెబితే తల పోతుందని నాకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో నాన్న ఎండలో కూలబడిన రోజునుంచీ తెలుసు.

"పదిహేను మూరలూ తొమ్మిది వేళ్ళు," అని అరిచాను. "షేక్ సలామా బావిలో నిజంగా ఉన్నది పదిహేను మూరల తొమ్మిది వేళ్ళు. నాయబ్ ఖాజీ గారు కొలిచారు. షేక్‌ను చంపారు."

దగ్గరి పడవలో ఒక చేపలవాడు పక్క పడవకు చెప్పాడు. ఆ పడవ మరో పడవకు చెప్పింది. పదిహేను, తొమ్మిది. పదిహేను, తొమ్మిది. నది మీద మాట అలలా అవతలి ఒడ్డుకు పోయింది. కట్ట మీద పారలు పట్టుకున్నవాళ్ళు ఆగి వినడం నాకు ఇక్కడికి కనిపించింది. ఒకడు పార నేలకు దింపాడు. తర్వాత ఇంకొకడు.

వెనక్కి తిరిగాను. సైనికుడి చేతిలో తెర అలాగే ఉంది. తోగాన్ నాయబ్ కాగితాన్ని నలిపి పారేశాడు. ఇక దాంతో అతనికి పని లేదు. నా దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా అన్నాడు:

"పదహారు నిండకముందు కొలత చాటావు. వెయ్యిమంది సాక్షులు. నిన్ను పట్టుకోవడానికి ఇంతవరకు నాకు కారణం లేదు ఖలఫ్. నువ్వే ఇచ్చావు."

నిజమే. చట్టం అతని వైపే ఉంది. తర్ఫా ముందుకు రాబోతే వద్దని కళ్ళతోనే ఆపాను. ఇరవై ఆరని రాసిన ఆ చీటీ ఇంకా ఆమె దగ్గరే ఉంది, అది వజీరు దాకా వెళ్ళాలి. బయట పడవలు ఇంకా లెక్క చెప్పుకుంటూనే ఉన్నాయి. తోగాన్ మనిషి తాడు తెచ్చాడు. నేను రెండు చేతులూ ముందుకు చాపాను.

"కట్టుకోండి కొత్వాలు గారూ. ఈ ఏటికి హర్మలా కట్టే కరాలు ఈ రెండే."